ఒంటరిగా నవ్వని పిట్ట

అమ్మాయ్,

నీ కథ చదివాను. అత్తగారి మాటలు బాగా పలికాయి. సరే, ఇక నా కోపం సంగతి.

కొడైకెనాల్ గెస్ట్‌హౌస్ తోటలో, చిటారు కొమ్మన ‘ఏకాకి పిట్ట’ ఒకటి నీ కథానాయికను చూసి నవ్వుతుంది. అది చదివి మనం ఆమె ఒంటరితనాన్ని అర్థం చేసుకోవాలి కాబోలు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

నవ్వినట్టు అరిచే ఆ పిట్ట లాఫింగ్‌థ్రష్. జంటగానో చిన్న గుంపుగానో పొదల్లో, కంచెల్లో కిందకిందే తిరుగుతుంది. ఒకటి మొదలుపెడితే ఇంకోటి అందుకుంటుంది. భోజనాలయ్యాక అరుగు మీద చేరిన పిన్నమ్మల్లా క్షణంలో అంతా గోల!

పైగా రొమ్మూ పొట్టా ఇటుకరంగు అని రాశావు. అది ఊటీ వైపు ఉండే నీలగిరి పిట్ట. పడమటి కనుమల మధ్య పల్లంగా ఉండే పాలక్కాడ్ కనుమకు దక్షిణాన, కొడైకెనాల్, మున్నార్ కొండల్లో ఉండేది పళని పిట్ట. దాని రొమ్ము బూడిదరంగు. చలికొండల్లో బతికే ఈ పిట్టలు ఆ వేడి పల్లం దాటి పోవు. ఎటువి అటే వేరైపోయాయి. 2017లో శాస్త్రవేత్తలు వీటి కోసం మాంటిసింక్లా అని కొత్త ప్రజాతే, అంటే దగ్గరి జాతుల గుంపే, పెట్టారు. అందులో జాతులు నాలుగు.

కథకు ఇదంతా ఎందుకంటావా? ఇప్పుడు ఎవరి కథ చూసినా పక్షి ఎగిరితే స్వేచ్ఛ, వాన పడితే కన్నీళ్ళు. ఈ ప్రతీకల పిచ్చి విమర్శకులు అంటించిందే. పిట్ట బతుకు తెలిస్తే ప్రతీకతో పనే లేదు. ఆమె లోపల ఒక్కతే కూర్చుని ఉంది. బయట పొదలో ఓ గుంపు అడవి రాస్ప్‌బెర్రీ పళ్ళు తింటూ ఒకదాన్నొకటి పిలుచుకుంటోంది. ఆమె జోలికి ఏదీ రాదు. ఏది ఎక్కువ గుచ్చుకుంటుందో నువ్వే చెప్పు.

నేను కూనూర్‌లో అద్దెగదిలో ఉంటూ రాత్రిళ్ళు రాసుకునే రోజుల్లో, కంచెలోని ఈ గుంపు మీద ఒక కథ రాశాను. ‘ఈ పేర్లు మన పాఠకులకు తెలీవు’ అని సంపాదకుడుగారు కోయిల అని మార్చేశారు. కింది వాక్యం మాత్రం ముట్టుకోలేదు. దాంతో కోయిలలు గుంపుగా పొదలో దూరి పకపకా నవ్వాయని అచ్చయింది! పాఠకుడికి తెలియకపోతే తెలుసుకుంటాడు. వాడి తరఫున మనం ఎందుకు భయపడాలి? ఆ కథకు పారితోషికం ఇంతవరకూ రాలేదు, అది వేరే గొడవ.

కలం పేరు, సంపుటి, ముందుమాట అని ఏవేవో అడిగావు. ముందు ఆ పేజీ తిరగరాసి పంపు. వీలైతే సెలవుల్లో కొడైకెనాల్ వెళ్ళి ఏ తోటలోనైనా ఓ పూట కూర్చో. అక్కడ అది మామూలు పిట్టే, పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

ఆశీస్సులు.