ఉన్న లాప్‌టాప్‌తోనే మొదలుపెట్టనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చెల్లి ఓణీల ఫంక్షన్, బాబాయి గృహప్రవేశం వీడియోలు ఫోన్‌లోనే కత్తిరించి, పాటలు పెట్టి చుట్టాలకు పంపాడు. అందరూ మెచ్చుకునేసరికి ఎడిటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. 80 వేల లాప్‌టాప్, నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అడుగుతున్నాడు. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. ఏం కొనమంటారు? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. అబ్బాయి ఆసక్తిని మాత్రం కొట్టిపారేయకండి. ఎవరూ చెప్పకుండానే రెండు వీడియోలు పూర్తి చేశాడంటే అది చిన్న విషయం కాదు.

పాత లాప్‌టాప్‌లో షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేయించండి. పూర్తిగా ఉచితం, వీడియో మీద వాటర్‌మార్క్ (సాఫ్ట్‌వేర్ పేరు ముద్ర) పడదు. క్లిప్పును ఎస్ నొక్కి రెండుగా కోయడం, అక్కర్లేని ముక్కను ఎక్స్ నొక్కి తీసేయడం వస్తే సగం పని వచ్చినట్టే. విండోస్ 11 ఉంటే అందులోనే క్లిప్‌చాంప్ కూడా ఉంటుంది. అది ఇంకా తేలిక, ఉచితంగానే 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియో ఇస్తుంది. కానీ నేర్చుకోవాలనుకునే పిల్లాడికి నేను షాట్‌కట్టే చెబుతాను. రేపు పెద్ద సాఫ్ట్‌వేర్‌కు మారినా టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ), ట్రాక్‌లు (అందులో వీడియోకు, పాటకు విడివిడి వరుసలు), ఫిల్టర్లు అనే పద్ధతి అదే.

ఫోన్‌లో తీసిన 4కే వీడియో వేయగానే పాత లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తుంది. పిల్లలు కొత్తది కావాలని పట్టుబట్టేది సాధారణంగా ఇక్కడే. షాట్‌కట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేస్తే ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు తయారవుతాయి, చివరి వీడియో మాత్రం అసలు క్లిప్పుల నుంచే వస్తుంది. ఇంకొక జాగ్రత్త: చేసిన పని సేవ్ అయ్యే ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో ఆ దారి మాత్రమే ఉంటుంది. పని మధ్యలో అసలు క్లిప్పులు డిలీట్ చేస్తే కష్టమంతా పోతుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచమనండి.

అసలు పరీక్ష సాఫ్ట్‌వేర్‌ది కాదు. గృహప్రవేశం క్లిప్పులన్నీ మళ్లీ ముందేసుకుని ఎనిమిది నిమిషాలకు తేవమనండి. పాట మీద పాట కాకుండా పాలు పొంగిన క్షణంలో ఇంట్లోవాళ్ల మాటలు వినపడనివ్వమనండి. తర్వాత అమ్మమ్మ పక్కన కూర్చుని చూపించి, ఆవిడ ఎక్కడ చూపు తిప్పుకున్నారో గమనించమనండి. అక్కడ కోత పడాలి. ఈ ఓపిక ఉంటే వాడికి ఎడిటింగ్ పనికొస్తుంది. స్టిక్కర్లు, ఎఫెక్టుల మీదే మోజు అయితే అది కొన్నాళ్ల సరదా. రెండింటిలో ఏదో మీకే కనపడుతుంది.

ఇదంతా పరీక్షలయ్యాక, వేసవి సెలవుల్లో. అప్పుడు నాలుగైదు వీడియోలు పూర్తి చేసి, ఇంకా కావాలంటే, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ గురించి ఆలోచించండి. అందులో డావిన్సీ రిజాల్వ్ అనే పెద్ద ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ నడుస్తుంది, కాబట్టి అప్పుడు కూడా నెలనెలా డబ్బు కట్టనక్కర్లేదు. ఇంటర్ తర్వాత డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ పీజీ కోర్సు చేరాలన్నా చేతిలో డిగ్రీ ఉండాలి.