షోకో చెప్పింది చంద్రుడి గురించి కాదండీ

‘ఎ సైలెంట్ వాయిస్’ అనే జపాన్ యానిమేషన్ సినిమాలో షోకో అనే అమ్మాయి ఏదో అనగానే షోయా అనే అబ్బాయి చంద్రుడి సంగతి ఎందుకు ఎత్తాడో అర్థం కాలేదని, దానికి మూలమైన మాంగా (జపనీస్ బొమ్మల కథ) చదివితే తెలుస్తుందా అని అడిగారు కదా.

అది జపనీస్ మాటల్లో ఉన్న చిక్కు. ‘సుకి’ అంటే ఇష్టం, ‘త్సుకి’ అంటే చంద్రుడు. వినపడని షోకో మామూలుగా సైగలతో మాట్లాడుతుంది. ఈ ఒక్క మాట మాత్రం తన గొంతుతో చెప్పాలనుకుంది. పలుకు స్పష్టంగా రాక అతనికి ‘త్సుకి’ అని వినిపించింది. పాపం, అమ్మాయి ధైర్యం అంతా అక్కడే నీరుగారిపోయింది! సబ్‌టైటిల్స్ చూసేవాళ్లకు ఇది అందదు, మీ తప్పేం లేదు.

మాంగా మాత్రం తప్పకుండా చదవండి. యోషితోకి ఓయిమా రాసి గీసింది, 2013-14లో వారపత్రికలో వచ్చింది, మొత్తం 7 సంపుటాలే. స్నేహితులంతా కలిసి సినిమా తీసే కథ తెర మీద ఎగిరిపోయింది, పుస్తకంలో ఉంది. చివర్లో ఒక అధ్యాయం షోకో వైపు నుంచి నడుస్తుంది. అందులో ఎదుటివాళ్ల మాటలు సగం చెరిగిన అక్షరాలతో ఉంటాయి. వినికిడి లోపం ఎలా ఉంటుందో నాకు అంత సూటిగా తెలిసింది అక్కడే.

మీ తమ్ముడికి పన్నెండేళ్లే అన్నారు. బడిలో ఏడిపించడంతో పాటు ఆత్మహత్యాయత్నం కూడా ఉంది కథలో. ముందు మీరు చదివి, తర్వాత పక్కన కూర్చుని చదివించండి.