సోలార్ ఉంది, ఎలక్ట్రిక్ కారు కూడా వచ్చింది: ఇప్పుడు ఏ కరెంటు ప్లాన్ తీసుకోవాలి?

ప్రశ్న: మా ఇంటి మీద 5 కిలోవాట్ల సోలార్ ఉంది, పెట్టి ఐదేళ్లు దాటింది, నెలకు సగటున 550 యూనిట్లు వస్తాయి. ఇంటి వాడకం 400 యూనిట్లు. ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్నాం, నెలకు 1,200 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది, వారానికి రెండు మూడు రోజులు పగలు ఇంట్లోనే ఉంటుంది. కరెంటు కంపెనీ మూడు ప్లాన్లు చూపిస్తోంది: రోజంతా ఒకే రేటు, వేళను బట్టి రేటు, కారు ఉన్నవాళ్లకు ప్రత్యేక ప్లాన్. మూడోదాంట్లో రాత్రి రేటు సగమే, సాయంత్రం మాత్రం బాగా ఎక్కువ. సోలార్ పెట్టినాయన బ్యాటరీ కూడా లోన్ మీద తీసుకోమంటున్నాడు, ఈఎంఐ కట్టగలం. ఏం చేయమంటారు?

జవాబు: "రాత్రి రేటు సగమే" అన్న మాట దగ్గరే చాలామంది సంతకం పెట్టేస్తారు. మీరు ఆగి అడిగారు, సంతోషం. ఎందుకంటే మీ ఇంటికి ఏ ప్లాన్ మంచిదో తేల్చే అంకె ఆ రాత్రి రేటు కాదు, మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ జతచేసిన బిల్లు వెనక వైపు ఉంది: మీరు వాడుకోగా మిగిలి గ్రిడ్‌కి (కంపెనీ కరెంటు లైన్లలోకి) వెళ్లే యూనిట్‌కి కంపెనీ మీకు ఎంత ఇస్తోంది అన్నది. మీ బిల్లులోని రేట్లన్నిటినీ, ఒకే రేటు ప్లాన్‌లో యూనిట్ ధర 10 అయ్యేలా కుదించి రాస్తున్నాను, ఏ డబ్బులో చూసుకున్నా లెక్క మారదు. మీరు 10కి కొంటున్నారు, 4కి అమ్ముతున్నారు. ఇక్కడి నుంచి మొదలుపెడదాం.

కారు సంగతి ముందు తేల్చేద్దాం. ఛార్జింగ్‌లో పోయే 10 నుంచి 15 శాతం నష్టం కూడా కలుపుకుంటే మీటర్ దగ్గర ఒక యూనిట్‌కి 6 కిలోమీటర్లు వస్తాయనుకోవచ్చు. అంటే నెలకు 200 యూనిట్లు. ఇంటి 400 యూనిట్లలో మీరు పగలు నేరుగా సోలార్ నుంచి వాడేది దాదాపు 150, మిగతా 250 గ్రిడ్ నుంచి వస్తున్నాయి, అందులో 110 సాయంత్రం పీక్ వేళలో, అంటే కారు ప్లాన్‌లో రేటు బాగా ఎక్కువుండే వేళలో. సోలార్‌లో మిగిలిన 400 యూనిట్లు గ్రిడ్‌కి వెళ్లిపోతున్నాయి.

ఇప్పుడు కారును పూర్తిగా రాత్రే ఛార్జ్ చేస్తే, ఒకే రేటు ప్లాన్‌లో 450 యూనిట్లు 10 చొప్పున 4,500, అమ్మిన దానికి వచ్చే 1,600 తీసేస్తే 2,900 కట్టాలి. కారు ప్లాన్‌లో పీక్ 18, రాత్రి 5, పైగా ఫిక్స్‌డ్ ఛార్జీ 300 ఎక్కువ: 110 యూనిట్లకు 1,980, మిగతా 340 యూనిట్లు రాత్రి రేటులోనే పడతాయనుకుంటే 1,700, ఆ 300 కలిపి 3,980, అందులోంచి 1,600 పోతే 2,380. మధ్యలో ఉన్న వేళల ప్లాన్ 2,770 దగ్గర తేలుతుంది, దాన్ని ఇక పక్కన పెట్టేద్దాం. ఇంతవరకు చూస్తే కారు ప్లాన్ 520 ఆదా. కంపెనీ వాళ్లు మీకు చూపించింది కూడా ఈ లెక్కే అయి ఉంటుంది, అందులో అబద్ధం ఏమీ లేదు.

కానీ మీ కారు వారానికి రెండు మూడు రోజులు పగలు ఇంట్లోనే ఉంటుంది కదా. ఆ రోజుల్లో పగలు పది యూనిట్ల చొప్పున ఎక్కిస్తే నెలకు వంద యూనిట్లు, అంటే కారుకు కావలసిన దాంట్లో సగం, ఎండ నుంచే వస్తుంది. ఆ యూనిట్ మీకు పడే ధర 4, ఎందుకంటే అమ్మితే వచ్చేది అంతే. ఒకే రేటు ప్లాన్‌లో 10 బదులు 4, కాబట్టి యూనిట్‌కి 6 మిగిలి బిల్లు 2,300కి దిగుతుంది. కారు ప్లాన్‌లో 5 బదులు 4, మిగిలేది యూనిట్‌కి 1 మాత్రమే, బిల్లు 2,280. మొత్తం తేడా 20! ఏ ప్లాన్ తీసుకున్నా ఒకటే అన్నమాట.

ఇక ఎండాకాలం సంగతి చూడండి, నన్ను ఆపింది ఇదే. సాయంత్రం ఏసీలు ఆడి పీక్ వాడకం 110 నుంచి 200 యూనిట్లకు పెరిగిందనుకుందాం. ఒకే రేటు ప్లాన్‌లో అదనంగా పడేది 900, కారు ప్లాన్‌లో 1,620. అప్పుడు సగం ఛార్జింగ్ పగలే చేసుకున్నా కారు ప్లాన్ మీకు నెలకు 700 ఎక్కువ పడుతుంది. మొత్తం రాత్రే ఛార్జ్ చేసేవాళ్లకు కూడా, ఈ రేట్లతో, పీక్ వాడకం నెలకు 175 యూనిట్లు దాటిన దగ్గర్నుంచి ఆ ప్లాన్ నష్టమే. పీక్ వేళ అంటే ఇంట్లో అందరూ ఉండే వేళ, వంట అయ్యే వేళ, పిల్లలు చదువుకునే వేళ. దాన్ని తగ్గించుకుంటాం అని కాగితం మీద రాసుకోవడం తేలిక, రోజూ ఇంట్లోవాళ్లను స్విచ్చులు ఆపమని పోరు పెట్టడం మాత్రం టెన్షన్. అలాంటి ఆదాను నేను ఆదాగా లెక్కలోకి తీసుకోను.

కాబట్టి ప్రస్తుతానికి ఒకే రేటు ప్లాన్‌లోనే ఉండండి, కారును వీలైనంత పగలు ఛార్జ్ చేయండి. మీ ఉద్యోగం మారి కారు రోజూ పగలంతా బయటే ఉండే పరిస్థితి వస్తే, సాయంత్రం వాడకం తక్కువగానే ఉంటే, అప్పుడు కారు ప్లాన్‌కి మారండి. మారాక మాత్రం ఇంటికి రాగానే ప్లగ్ పెట్టి వదిలేయడం కుదరదు, కారులోనే టైమర్ పెట్టుకుని రాత్రి రేటు మొదలయ్యాకే ఛార్జ్ అయ్యేలా చూసుకోవాలి.

పగలు ఛార్జింగ్ అన్నాను గదా అని 7 కిలోవాట్ల ఛార్జర్‌ను పూర్తి వేగంతో వదలకండి. 5 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో కూడా చాలాసార్లు 4 దాటవు, వేడికి, దుమ్ముకు, వాలుకు కొంత పోతుంది. మిగతాది గ్రిడ్ నుంచి 10కి లాగేస్తుంది, మీరేమో ఎండతో నిండుతోంది అనుకుంటారు. 230 వోల్టుల కనెక్షన్‌లో 10 ఆంపియర్లకు తగ్గిస్తే 2.3 కిలోవాట్లు, ఐదు గంటలు వదిలితే 11.5 యూనిట్లు, సుమారు 70 కిలోమీటర్లు. ఆ వేగం చాలు. మబ్బు పట్టినప్పుడు దానంతటదే తగ్గే, సోలార్‌లో మిగులును బట్టి నడిచే ఛార్జర్లు కూడా ఉన్నాయి, కొత్తది ఎలాగూ కొనాల్సి వస్తే అలాంటిది చూడండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట: పైన చెప్పినదంతా అమ్మకం ధర తక్కువగా ఉన్నచోట మాత్రమే. ఇచ్చిన యూనిట్‌కి యూనిట్ జమ చేసే నెట్ మీటరింగ్ మీకు ఉంటే సలహా తలకిందులవుతుంది. ఒకే రేటు ప్లాన్‌లో ఈ ఇంటికే 450లోంచి 400 పోయి 50 యూనిట్లకే బిల్లు వస్తుంది, కారు పగలు ఛార్జ్ చేసినా రాత్రి చేసినా ఒకటే. అమ్మిన యూనిట్‌కి ఆ వేళ రేటే కట్టి ఇచ్చే చోటైతే పగలు అమ్ముకుని రాత్రి చవకగా కొనుక్కోవడమే లాభం. మీ బిల్లులో ఈ అంకె చూడకుండా పక్కింటివాళ్లు ఏ ప్లాన్ తీసుకున్నారో అదే తీసుకోవద్దు, వాళ్ల సోలార్ ఏ సంవత్సరం నాటిదో దాన్ని బట్టి వాళ్ల నియమాలే వేరు కావచ్చు. కాలిఫోర్నియానే చూడండి, 2023 ఏప్రిల్ మధ్య నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు అమ్మకం ధర బాగా తగ్గించేశారు, అంతకుముందు పెట్టుకున్నవాళ్లకు పాత పద్ధతే సాగింది. పగటిపూట అందరి ఇళ్లమీదా సోలార్ పొంగిపొర్లి, సూర్యుడు దిగగానే గ్రిడ్ మీద భారం ఒక్కసారిగా పెరగడం ఈ మార్పులకు ఒక ముఖ్య కారణం, సాయంత్రం రేటు అంత ఎక్కువ పెట్టడానికీ అదే కారణం.

అందుకే ప్లాన్ మార్చే ముందు కంపెనీని రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్లాన్ మారితే, లేదా ప్యానెళ్లు పెంచితే, నా పాత సోలార్ ఒప్పందం పోతుందా? మళ్లీ వెనక్కి రావాలంటే ఎన్నాళ్లు ఆగాలి? మిగిలిన జమ వచ్చే నెలకు వెళ్తుందా, ఏడాది చివర రద్దవుతుందా? డిమాండ్ ఛార్జీ ఉందా? ఈ చివరిది మరీ ముఖ్యం. అది ఉన్న ప్లాన్‌లో నెల మొత్తంలో ఏదో పావుగంటో అరగంటో మీరు లాగిన గరిష్ఠ కిలోవాట్లను బట్టి ఛార్జీ పడుతుంది, కారు, గీజర్, రెండు ఏసీలు ఒక్కసారి కలిసి నడిస్తే ఆ నెలంతా మోయాలి. కారుకు వేరే మీటర్ పెట్టిస్తామని అంటే దానికీ తొందరపడకండి, చాలా సందర్భాల్లో సోలార్ ఇంటి మీటర్ వైపే ఉండిపోయి కారుకు అందదు, రెండో ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం అందుతుంది.

ఇక బ్యాటరీ. మీరు ఒకే రేటు ప్లాన్‌లో ఉంటే అది చేసేది 4కి అమ్మే యూనిట్‌ను దాచి 10కి కొనే యూనిట్‌ను తప్పించడం. సాయంత్రం 110 యూనిట్లు దాన్నుంచి రావాలంటే, పది శాతం నష్టంతో 122 దాకా నింపాలి. 1,100 ఖర్చు తప్పింది, అమ్మితే వచ్చే 490 పోయింది, మిగిలేది నెలకు 610. కారు ప్లాన్ అయితే అది 1,490 దాకా వెళ్తుంది. సోలార్ పెట్టినాయన చెప్పిన ఈఎంఐని ఇదే కొలతలోకి మార్చి చూస్తే 2,100 పైనే ఉంది, అదీ పదేళ్లు. ఏ ప్లాన్‌లోనూ పొసగడం లేదు. కరెంటు పోయినప్పుడు ఇల్లు నడవాలి అన్నది మీ అవసరమైతే అది వేరే మాట, ఎందుకంటే గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, నడివేసవి మధ్యాహ్నమైనా సరే. ఇంట్లో వయసు మళ్లినవాళ్లో, కరెంటు మీద నడిచే వైద్య పరికరమో ఉంటే ఆ నిశ్చింతకు డబ్బు పెట్టడం తప్పు కాదు, అప్పుడు కూడా సాయంత్రమంతా నడిపేంత పెద్దది కాకుండా ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ వరకు సరిపోయే చిన్నది, చేతి డబ్బుతో కొనండి.

ఆ ఈఎంఐ కట్టగలిగే స్తోమత ఎలాగూ ఉందంటున్నారు కాబట్టి అందులో కొంత ప్రతి నెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. సోలార్ ఇన్వర్టర్లు మామూలుగా 10 నుంచి 15 ఏళ్ల మధ్య మార్చాల్సి వస్తాయి, మీది ఇప్పటికే ఆరో ఏడులో ఉంది. ప్లాన్ విషయం మాత్రం ఈ ఎండాకాలం బిల్లులు వచ్చాక, గంటల వారీ మీటర్ వివరాలు కంపెనీ యాప్‌లోంచి దించుకుని నాకు మళ్లీ పంపండి, పీక్ వేళ నిజంగా ఎన్ని యూనిట్లు కాలాయో అందులో తెలిసిపోతుంది.