ఉప్పెనను జలప్రళయం అనవచ్చా?

సందేహం: మాది దివిసీమ. 1977 ఉప్పెనలో మా మేనత్త, ఆమె ఇద్దరు పిల్లలు పోయారు. ఏటా నవంబరులో మా సంఘంలో జ్ఞాపక ఆరాధన జరుపుతాం. ఈసారి కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. ‘జలప్రళయం’ అని రాస్తే, ఒక పెద్దాయన అది కొట్టేసి ‘దేవుని తీర్పు’ అని దిద్దారు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఏ మాట రాయాలి?

సమాధానం: అమ్మా, రెండూ వద్దు. సరైన మాట మీ ఉత్తరంలోనే ఉంది. ఉప్పెన.

ప్రళయంలో ఉన్నది ‘లయ’. కరిగి కలిసిపోవడం, ఏదీ మిగలకపోవడం. లోకమంతటినీ ముంచిన నోవహు కాలపు నీళ్లను తెలుగు బైబిలు ఆదికాండంలో ‘జలప్రవాహము’ అంది, మత్తయి సువార్తలో ‘జలప్రళయము’ అంది. ఆ నీళ్లు తీశాక దేవుడు నోవహుకు ఇచ్చిన మాట చూడండి: సమస్త శరీరులు ప్రవాహ జలాల వల్ల ‘ఇకను లయపరచబడరు’. అక్కడా అదే లయ. ఆ మాటను నమ్ముకున్న సంఘం తన ఊరి మీద పడిన కెరటాన్ని జలప్రళయం అంటే, దేవుడు మాట తప్పినట్టు వినిపిస్తుంది. పత్రికల హెడ్డింగుల్లో చెల్లుతుందేమో గాని ఆరాధనలో చదివే కాగితానికి నప్పదు.

వానలకు ఏరు పొంగితే వరద. తుఫాను గాలికి సముద్రమే పొంగి ఊళ్ల మీద పడితే ఉప్పెన. మీ దివిసీమలో, హంసలదీవి, పాలకాయతిప్ప వైపు ఈ తేడా ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక ‘తీర్పు’. ‘తీర్చు’ నుంచి వచ్చిన మాట, తగవు తీర్చడం. మీ పెద్దాయన రాసిన చోట తీర్పు అంటే శిక్షే. శిక్ష అన్నాక నేరం ఉండాలి, నేరస్థుడుండాలి. అంటే నీళ్లలో కొట్టుకుపోయిన మీ మేనత్త పిల్లల్ని ముద్దాయిల్ని చేసినట్టే. నేను దీన్ని ఒప్పుకోలేను. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, యెరూషలేములో ఉన్నవాళ్లందరి కంటే వాళ్లు అపరాధులనుకుంటున్నారా అని యేసే అడిగాడు, కారని తానే చెప్పాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది, పెద్దాయనకు చూపించండి. ఆ వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్న మాట కూడా ఉంది కదా అంటారు. ఉంది. అది వింటున్నవాళ్లకు చెప్పింది, పోయినవాళ్ల మీద మోపింది కాదు.

వాక్యం ఏది వేయాలో మీరు అడగలేదు గాని, ‘నిమ్మళం’ ఉన్నది వేయండి. ఏలీయా ప్రవక్తకు గాలిలోనూ భూకంపంలోనూ మెరుపులోనూ యెహోవా ప్రత్యక్షం కాలేదు. అవన్నీ పోయాక ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’ వినబడింది. మార్కు సువార్తలో యేసు తుపానును అణిచాక ‘మిక్కిలి నిమ్మళమాయెను’ అని ఉంది. రెండు చోట్లా ఒకటే మాట. పిల్లాడికి జ్వరం తగ్గితే ‘ఇప్పుడు నిమ్మళంగా ఉందా?’ అని అడుగుతామే, ఆ నిమ్మళమే.

పైన ఇలా రాయండి: ‘1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెనలో మనకు దూరమైనవారి జ్ఞాపకార్థం’. మర్నాడు ఆదివారం. ఆ ఉదయం గుడికి రావలసినవాళ్లు వాళ్లంతా. కింద పేర్లు వేయండి. ‘మేనత్త, పిల్లలు’ అని కలిపేయకుండా ఆ ఇద్దరి పేర్లూ విడివిడిగా.