పాపప్ కప్పు బరువు దించాలంటే

అల్లుడా,

లోపల నిలబడేటందుకు పైకి లేచే నీ వ్యాన్ కప్పు ఎత్తుడు ఇద్దరి పనైందని, 1,000 న్యూటన్ల (సుమారు 100 కిలోల బలం) డిక్కీ షాకర్లు, అంటే మూతను ఎత్తిపట్టే గ్యాస్ గొట్టాలు, తెప్పిస్తనని రాసినవ్. జర ఆగు. షాకర్ ఎంత పెద్దదేస్తే కప్పు అంత తేలికైతదనుకునుడే తప్పు. ముందు కప్పును తూకం వెయ్యి, తర్వాత షాకర్ ఎంత వాలుగ ఉన్నదో చూడు. కొనుడు ఆఖరు మాట.

నీ కప్పుకు కబ్జాలు ముందట ఉన్నయి, వెనక అంచు లేస్తది. అంచుకు రెండు దిక్కులా గట్టి కర్రలు ఆనిచ్చినంకనే షాకర్లు విప్పు. ఊడిన కప్పు కింద ఒట్టి చేతులు పెట్టొద్దు. మనుషులు ఎక్కే తూకం మిషన్ వ్యాన్ నేల మీద పెట్టి, దాని మీద నిలువుగ ఒక కర్ర నిలబెట్టు. వెనక అంచు నడుమ భాగం ఆ కర్ర మీద ఆనాలె. అంచు రబ్బరు బీడింగ్‌కు తగలకుండ రెండించులు లేపి, పక్క కర్రలు కొద్దిగ దించి చూడు. మిషన్ చూపినదాంట్లోంచి కర్ర బరువు తీసెయ్యి. 40 కిలోలు వచ్చిందనుకో, కప్పు మొత్తం సుమారు 80. తక్కిన సగం కబ్జాలు మోస్తయి.

ఇప్పుడు కప్పు మీద ఏమేం ఎక్కించినవో చూడు. అద్దం ఉన్న 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒక్కటే 7, 8 కిలోలుంటది. అది వెనక అంచు మీదుంటే ఆ బరువంత నీ చేతి మీదనే. కబ్జా నుంచి కప్పు పొడవుల నాలుగో వంతు దూరం కాడికి జరుపు, అదే ప్యానెల్ రెండు కిలోలే అనిపిస్తది. పైసా ఖర్చు లేని పని ఇది. వాన నిలిచినా అంతే: మూడు చదరపు మీటర్ల కప్పు మీద 5 మిల్లీమీటర్ల నీళ్లంటే 15 కిలోలు. పొద్దుగాల లేవంగనే నీళ్లు దులిపి, అప్పుడు చెయ్యి పెట్టు.

ఇగ అసలు సంగతి. కప్పు మూసినప్పుడు షాకర్ దాదాపు పండుకొని ఉంటది, దాని బలం చాలావరకు ముందుకు తోసుడుకే పోతది. అందుకే మొదటి అర అడుగే కష్టం, తర్వాత కప్పు దానంతటదే పోతది. లెక్క సులువు: మూసినప్పుడు షాకర్ రెండు కొసల ఎత్తు తేడాను షాకర్ పొడవుతోని భాగించు. 60 సెంటీమీటర్ల షాకర్‌కు 12 తేడా ఉంటే బలంల ఐదో వంతే ఎత్తుతది. కింది బ్రాకెట్ దించి తేడాను 20 చేస్తే మూడో వంతు. అంచు కాడ 40 కిలోలు, కబ్జా నుంచి అంచుకు 2.4 మీటర్లు, షాకర్ పై కొస 1.6 మీటర్ల కాడ, 600 న్యూటన్లవి రెండు అనుకుందాం. 12 తేడాతోని మొదట్ల నువ్వు 24 కిలోలు ఎత్తాలె, 20 తేడాతోని 13, 14. షాకర్ అదే, కప్పు అదే.

బ్రాకెట్ దించితే షాకర్ పొడవు మారుతది. మూసినప్పుడు, తెరిచినప్పుడు షాకర్ కొసలు తగిలించే రెండు గుండ్ల నడుమ దూరం కొలిచి కొను. మూసినప్పుడు ఒక సెంటీమీటర్ మిగలాలె, లేకుంటే రాడ్డు లోపల అడుగుకు తగిలి బ్రాకెట్‌నే పీకుతది. ఫైబర్ కప్పుకు ఒట్టి స్క్రూలు ఆగవు. లోపల 10 x 10 సెంటీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం రేకు పెట్టి, 8 ఎం.ఎం. బోల్టులు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లు వెయ్యి.

షాకర్ మీద 600ఎన్ అని రాసుంటే అది 20 డిగ్రీల కాడి లెక్క, సుమారు 60 కిలోలు. మన నల్లగొండ ఎండలు 45కు పోతే లోపల గ్యాస్ బలం ఎనిమిది, తొమ్మిది శాతం పెరుగుతది, డిసెంబర్ తెల్లారుజామున తగ్గుతది. అందుకని చలి పొద్దున పరీక్ష చెయ్యి. మే మధ్యాహ్నం బాగున్నది జనవరిల మొండికేస్తది. అవసరానికి మించిన బలం పెడితే ఇంకో తిప్పలు: ఫైబర్ నడుమ ఉబ్బుతది, లాక్‌లు సాగుతయి, కొక్కెం తియ్యంగనే కప్పు గడ్డానికి తగులుతది, మూసుడుకు వేలాడాలె. 1,000 న్యూటన్లవి ఎందుకొద్దన్ననో ఇప్పుడు తెలిసిందా?

షాకర్లు జతగనే మార్చు, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే కప్పు మెలిక పడ్తది. మూసినప్పుడు రాడ్డు కొస కిందికుండాలె, లోపలి ఆయిలు సీలును తడిగ ఉంచుతది. రాడ్డుకు గ్రీజు, రంగు తగలనియ్యకు. పాతదాన్ని కొయ్యొద్దు, కాల్చొద్దు, లోపల నైట్రోజన్ బిగపట్టి ఉంటది.

ఇవి చేసినా బరువనిపిస్తే కబ్జాలు చూడు. రాయి క్రషర్ల దుమ్ము గ్రీజుల కలిస్తే సానపట్టినట్టు అరిగిపోతయి. బ్రష్‌తో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టు. బీడింగ్ ఎండకు అంటుకుంటది, దానికి పౌడర్ చాలు. ఎత్తేటప్పుడు, దించేటప్పుడు పక్క డోరు తెరిచి ఉంచు. అన్నీ మూసి ఎత్తితే గాలి లోపలికి రాక కప్పును పట్టి గుంజుతది. దించేటప్పుడు లోపల గాలి ఇరుక్కొని కప్పు చుట్టూ ఉన్న గుడ్డ బయటికి ఉబ్బుతది, కప్పు కింద నలుగుతది.

కప్పును ఎత్తే 12 వోల్టుల మోటర్ల మాట కూడ అడిగినవ్. రెండూ ఒకే వేగంతోని నడిపే కంట్రోలర్ లేకుంటే ఒక మూల ముందు లేచి కప్పు పగుల్తది. బ్యాటరీ దిగితే చేతితోని దించే దారి లేకుంటే అసలే వద్దు. 80 కిలోల కప్పుకు ఆ ఖర్చు దండగ.

సోమశిల ఒడ్డున, సాగర్ కాడ గాలి ఉంటది. వ్యాన్ మూతి గాలికి ఎదురుగ పెట్టి ఎత్తు, వెనక నుంచి గాలి దూరితే ఏ షాకరూ ఆపదు. బ్రాకెట్లు మార్చినంక ఒక వంద కిలోమీటర్లు తిరిగి నట్లన్నీ మళ్ల బిగించు. తూకం ఎంతొచ్చిందో రాయి, షాకర్ నంబర్ అప్పుడు చెప్త.

మీ మామ