గోదావరి గట్టు మీద పరుగు: అర్జీలో ఏం అడగాలి?

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో గోదావరి ఒడ్డున ఉన్న పార్కులు, వాకింగ్ దారులు బాగుచేయమని కాలనీ తరఫున అర్జీ పెడుతున్నాం, 2027 పుష్కరాలకి ఎలాగూ పనులు జరుగుతాయి కాబట్టి అందులో ఏమేం రాయాలి అని. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఆ గట్టు మీద పరిగెత్తుతున్నాను. ఒకసారి పడ్డాను, రెండుసార్లు అర్జీలు పెట్టాను, అందులో ఒకటి ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు. అందుకని కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు ఒక మాట. కొత్త పార్కు అడక్కండి. కొత్త పార్కు అంటే ఒక ఆర్చి, ఒక ఫౌంటెన్, ఐ లవ్ అని పెద్ద అక్షరాలు, రెండేళ్ల తర్వాత ఫౌంటెన్‌లో దోమలు. ఉన్న ముక్కల్ని ఒకదానితో ఒకటి కలపమనండి, వరద వెళ్లిన వెంటనే కడగమనండి, కాళ్ల కింద ఒక మీటరున్నర మెత్తటి దారి ఇమ్మనండి. నేను రాస్తే అర్జీలో ఈ మూడూ మొదటి పేజీలోనే పెడతాను.

ముక్కలు అని ఎందుకంటున్నానంటే, మ్యాప్‌లో చూస్తే కోటిలింగాల ఘాట్ నుంచి ధవళేశ్వరం దాకా గట్టు ఒకటే. కాలితో వెళ్తేనే తెలుస్తుంది. కోటిలింగాల ఘాట్ పొడుగ్గా, విశాలంగా ఉంటుంది, పొద్దున్న ఐదున్నరకి అక్కడ పరిగెత్తడం అంటే పండగే. ఆ తర్వాత గట్టు రోడ్డెక్కాలి. రోడ్డు మీద స్కూటర్లు, పాల వ్యాన్లు, ఇసుక పనులు నడిచే రోజుల్లో లారీలు. మళ్లీ పుష్కర ఘాట్, మార్కండేయ ఘాట్ దగ్గర భక్తులు, పూల బుట్టలు, దీపాలు. అక్కడ పరిగెత్తకూడదు కూడా, అది స్నానానికి వచ్చినవాళ్ల చోటు, మనమే పక్కనుంచి నడిచి వెళ్లాలి. మళ్లీ ఒక పార్కు, దానికి గేటు, గేటుకి తాళం. మళ్లీ రోడ్డు. ఆరు కిలోమీటర్ల పరుగులో నేను ఆగే చోట్లు ఒకరోజు లెక్కపెట్టాను, పదకొండు వచ్చాయి. ఆ పదకొండులో కనీసం ఆరింటికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒక చోట గోడలో సందు చేస్తే చాలు, ఒక చోట గేటు ఐదింటికి తీస్తే చాలు, ఇంకోచోట విరిగిపోయిన డ్రైను పలక మారిస్తే చాలు. ఆ పలక పక్కనుంచి దూకి దూకి మా గుంపులో అందరికీ లాంగ్‌జంప్ వచ్చేసింది.

ఇక కాళ్ల కింద సంగతి. మనవాళ్లకి అందం అంటే నున్నటి రాయి. ఒకసారి ఆగస్టులో రాత్రంతా సన్నగా జల్లు పడి తెల్లారి ఆగింది, నున్నటి గ్రానైట్ పలకల మీద మలుపు తిరిగాను, కుడికాలు జారింది, చీలమండ బెణికి ఐదు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ పలకలు వేసినవాళ్ల మీద కోపం లేదు, వాళ్లకి చెప్పినవాళ్లెవరూ ఎప్పుడూ తడి రాయి మీద పరిగెత్తి ఉండరు. పేవర్ బ్లాకులు జారవు గానీ గట్టిగా ఉంటాయి, పైగా ఏడాదికల్లా ఒకటి కుంగి ఇంకోటి లేచి బొటనవేలికి తగులుతుంది. పరుగుకి మంచిది మట్టి, లేదా రోలర్‌తో అణగ్గొట్టిన సన్న రాతిపొడి. మన క్రషర్ల దగ్గర దొరికే డస్ట్ ఉంటుంది కదా, అది తడిపి, పరిచి, రోలర్ తిప్పితే గట్టిగానూ ఉంటుంది, మోకాళ్లకి హాయిగానూ ఉంటుంది. ఇదేం నా సొంత తెలివి కాదు. మా బావమరిది హ్యూస్టన్‌లో ఉంటాడు, వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడి మెమోరియల్ పార్కులో పరిగెత్తాను, 2.93 మైళ్ల చుట్టు, అంతా నలిగిన గ్రానైట్ పొడే. అంత డబ్బున్న ఊళ్లో, ఊరందరూ పరిగెత్తే దారికి వేసింది రాతిపొడి. అక్కడ కనపడ్డ తెలుగువాళ్లలో మన కాకినాడ, భీమవరం వాళ్లే అరడజను మంది తేలారు, అది వేరే కథ.

అయితే డస్ట్ దారి ఎక్కడ వేయాలన్నది చూసుకోవాలి. నది వైపు వాలు మీద వేస్తే మొదటి వరదకే పోతుంది. గట్టు పైన గానీ, ఊరి వైపు గానీ ఉండాలి. కింద మెట్ల దగ్గర మాత్రం గరుకు రాయే దిక్కు.

చెట్ల విషయంలో నేనూ మొదట తప్పే అడిగాను. నా మొదటి అర్జీలో గట్టు పొడుగునా రావి, వేప నాటమని రాశాను. మాతో పాటు పొద్దున్నే నడిచే ఒక పెద్దాయన ఉన్నారు, ఏటిగట్ల మీద లస్కరుగా, అంటే గట్టు కాపలా చూసే ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యారు. నా కాగితం చదివి నవ్వారు. "బాబుగారూ, గట్టు మీద పెద్ద చెట్టెయ్యమంటే గట్టుకి మనమే కన్నమెట్టినట్టండి. ఏరు పొడుక్కుంటా పోద్ది, చెట్టు సచ్చాక ఆ ఏరు కుళ్లి గొట్టంలాగైపోద్ది, వరదలో నీళ్లు ఆ గొట్టంలోంచి ఊట కడతాయండి. గాలివానకి చెట్టు కూలిందనుకోండి, గట్టులో సగం దాంతోపాటే లేచొచ్చేత్తాది" అన్నారు. 1986 వరదలో రాత్రుళ్లు ఇసుక బస్తాలు పట్టుకుని గట్టు మీదే పడుకున్న మనిషి. ఆ ఏడాది ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. ఎలకల బొరియలు, ఎండ్రకాయల బొరియలు కర్రతో పొడిచి చూపించేవారు. అప్పటి నుంచి గట్టంటే నాకు వాకింగ్ ట్రాక్ అనిపించదు, ఊరిని కాపాడే గోడ మీద మనల్ని నడవనిస్తున్నారు అనిపిస్తుంది. కాబట్టి నీడ కావాలంటే చెట్లు గట్టు పాదానికి దూరంగా, ఊరి వైపు నాటమనండి. గట్టు వాలు మీద గడ్డి చాలు. గట్టు పైన నీడకి, రెండు చోట్ల రేకుల పందిరి వేసినా ఎవరూ కాదనరు.

ఇప్పుడు అసలు విషయం, ఒండ్రు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చేసరికే ఘాట్ల కింది మెట్లు నీళ్లలో ఉంటాయి. ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు. జులై, ఆగస్టుల్లో మా వాట్సాప్ గ్రూపులో రేపు ఎక్కడ పరిగెత్తాలన్నది గేజి చూసే తేలుస్తాం. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ వారం అసలు బ్యారేజీ వైపు ఎవర్నీ వెళ్లనివ్వలేదు. సరే, వరద వెళ్తుంది. వెళ్తూ మెట్ల మీద జానెడు ఒండ్రు వదిలి వెళ్తుంది. మొదటి రోజు అది పాయసంలా ఉంటుంది, చీపురుతో తోస్తే పోతుంది. మూడో రోజుకి పైన పొర కట్టి కింద జారుతుంది, అప్పుడే జనం పడేది. వారం ఎండ కాస్తే బీటలు తీసి పలకలు పలకలుగా గట్టిపడుతుంది, ఇక గునపం పట్టాలి. గునపం పడితే కింద రాయి పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు సరిచేయడానికి మళ్లీ టెండరు, మళ్లీ కొత్త పలకలు, నున్నటివి.

దీనికి మందు చాలా తేలిక, కాశీలో చేసేదే. నది తగ్గుతున్నప్పుడే, ఒక్కో మెట్టు బయటపడుతున్నప్పుడే, పంపు పెట్టి నది నీళ్లనే తోడి ఆ ఒండ్రుని కొట్టి కిందికి దింపేయడం. నీళ్లు అక్కడే ఉన్నాయి, ఒండ్రు ఇంకా పచ్చిగా ఉంది, నలుగురు మనుషులు, ఒక డీజిల్ పంపు, పొడుగాటి గొట్టం. ఆలస్యం చేస్తే నది దూరం జరిగిపోతుంది, ట్యాంకర్లు తేవాలి. అందుకే అర్జీలో "వరద తర్వాత శుభ్రం చేయాలి" అని రాయకండి, దానికి "చేస్తాం" అనే జవాబు వస్తుంది. "మొదటి హెచ్చరిక ఎత్తేసిన రోజు నుంచి పది రోజుల్లో కడగాలి, పంపు, డీజిలు, కూలీల ఖర్చు జూన్‌లోనే మంజూరు చేసి ఉంచాలి" అని రాయండి.

ఈ ఖర్చు సంగతి తేలిగ్గా తీసుకోకండి. హ్యూస్టన్‌లోనే బఫెలో బయూ అని ఒక వాగు, దాని ఒడ్డున పార్కు 2015లో పూర్తయింది, 2017లో హార్వీ తుపాను వచ్చి మొత్తం ఒండ్రులో ముంచింది. నేను వెళ్లేసరికి మళ్లీ శుభ్రంగా ఉంది. ఎలా అని అడిగితే, ఆ పార్కుకి 30 మిలియన్ డాలర్లు దానమిచ్చిన ఫౌండేషన్, ఏటా నిర్వహణకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేలాకే ఇచ్చిందని చెప్పారు. మన దగ్గర కట్టడానికి డబ్బు వస్తుంది, ఊడ్చడానికి రాదు. పుష్కరాలకి ముందు వేసిన రంగు పుష్కరాలయ్యాక ఎన్నాళ్లుంటుందో ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఎవరో ఒకరు కచ్చితంగా సబర్మతి లాగా కట్టమంటారు, మీ కాలనీలోనూ ఉంటారు. అహ్మదాబాద్‌లో ఆఫీసు పని మీద మూడు నెలలు ఉన్నాను, రోజూ ఆ రివర్‌ఫ్రంట్ మీదే పరుగు. ఒప్పుకోవాల్సిందే, కిలోమీటర్ల కొద్దీ ఎక్కడా ఆగకుండా పరిగెత్తొచ్చు, అది చూసే నాకు ఈ ముక్కలు కలపాలనే పిచ్చి పట్టింది. కానీ అక్కడ నదిలో నిలిచి కనపడే నీళ్లు వాస్నా బ్యారేజీ ఆపినవి, నర్మద కాలువ నుంచి వదిలినవి. మనది పాత రైలు వంతెన హేవ్‌లాక్ బ్రిడ్జి దగ్గర రెండున్నర కిలోమీటర్లు దాటిన వెడల్పు, పాతిక లక్షల క్యూసెక్కులు తోసుకుంటూ వచ్చే నది, దాన్ని రెండు గోడల మధ్య పెట్టి ఒడ్డు పొడిగించుకుందామంటే కుదరదు. ఇంకో సంగతి, అక్కడ ఒడ్డున ఉన్న పదివేలకి పైగా కుటుంబాల్ని వేరేచోటికి పంపేశారు. మన గట్టు కింద పడవలవాళ్లున్నారు, వలలు ఆరేసుకునేవాళ్లున్నారు, పొద్దున్న మనం చెమటతో ఆగితే ఇడ్లీ పెట్టే బండ్లున్నాయి. అర్జీలో "ఆక్రమణలు తొలగించాలి" అనే మాట రాసేముందు ఎవరి గురించి రాస్తున్నారో ఒకసారి చూసుకోండి. వల ఆరేసే చోటు వదిలేసి దారి పక్కనుంచి తిప్పడం పెద్ద కష్టం కాదు.

హేవ్‌లాక్ బ్రిడ్జి గురించి కూడా అడిగారు. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి, అప్పటి నుంచి ఖాళీగా నిలబడి ఉంది, 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టు పేరుతో శంకుస్థాపన అయిన పనుల్లో అదీ ఉంది. అయితే సంతోషమే. కానీ పరుగువాళ్లుగా మనం అడగాల్సింది ఒక్కటే: పొద్దున్న ఐదింటి నుంచి ఏడున్నర దాకా టికెట్ లేకుండా గేటు తీస్తారా? పదింటికి తీసి ఆరింటికి మూసే బ్రిడ్జి టూరిస్టులకి. ఏప్రిల్‌లో పదింటికి ఆ ఇనుము మీద నడిచేవాళ్లెవరో నాకు తెలీదు.

మరుగుదొడ్లు, లైట్లు. మా ఆవిడ నాలుగేళ్ల కిందట పరుగు మొదలుపెట్టాకే నాకు ఇవి కనపడ్డాయి, అంతకుముందు వాటి పక్కనుంచే వెళ్లేవాణ్ని, పట్టేది కాదు. దారిలో మూడు మరుగుదొడ్లున్నాయి, మూడూ కొత్తవే, మూడింటికీ తాళాలే. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే "సూపర్‌వైజర్ దగ్గర", సూపర్‌వైజర్ ఎప్పుడొస్తారంటే "తొమ్మిదింటికండి". లైట్లదీ అంతే. స్తంభాలు బోలెడు, కానీ మధ్యలో ఒక రెండొందల మీటర్ల చీకటి ముక్క ఉంటుంది, ఆ ఒక్క ముక్క వల్ల డిసెంబరులో ఆడవాళ్లెవరూ ఆరింటి ముందు రారు. "అన్ని లైట్లూ అక్కర్లేదు, ఆ నాలుగు స్తంభాలు వెలిగితే పది మందిమి వస్తాం" అంటుంది తను. ఆ నాలుగు స్తంభాల నంబర్లు రాసుకుని ఇచ్చాం. రెండు వెలిగాయి.

చివరగా అర్జీ ఎవరికి ఇవ్వాలన్నది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. గట్టు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, గుళ్ల ముందు చోటు మరొకరిది, రైల్వే స్థలం రైల్వేది. నా మొదటి కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి "మా పరిధి కాదు" అనుకుంటూ పద్నాలుగు నెలలు తిరిగింది. రెండోసారి ముందు సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న వేశాం, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా దారి నిర్వహణ ఎవరిది అని. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, ఇచ్చారు. ఆ జవాబు కాపీ జతచేసి పెట్టిన అర్జీని మాత్రం ఎవరూ పక్కకి నెట్టలేకపోయారు. మీరూ అలాగే చేయండి. పదకొండు చోట్లకీ ఫొటోలు, కొలతలు ఉండాలి, ఏది ఎవరిదో పక్కనే రాసి ఉండాలి.

నా దగ్గరున్న కొలతలు మూడేళ్ల కిందటివి, కొన్ని మారి ఉంటాయి. ఆదివారాలు ఐదున్నరకి మార్కండేయ ఘాట్ పైన మా గుంపు ఉంటుంది, ఒక టేపు పట్టుకుని రండి, ఇద్దరు ముగ్గురు కలిస్తే గంటన్నరలో కొలిచేయొచ్చు. ఆ డ్రైను పలక దగ్గర మాత్రం చూసుకుని అడుగేయండి.