రోజుకు రెండు మాక్ టెస్టులు రాస్తున్నా స్కోరు కదలడం లేదు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను సార్. పోటీ పరీక్షల కోసం మూడు నెలలుగా రోజుకు రెండు మాక్ టెస్టులు రాస్తున్నాను. స్కోరు ఒక్కచోటే ఆగిపోయింది. ప్యాసేజీల్లో రెండు ఆప్షన్ల దాకా వస్తాను, చివరికి తప్పుదే పెడతాను. లెక్కల్లో సొల్యూషన్ చూస్తే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది, హాల్లో మాత్రం తట్టదు. స్పీడ్ రీడింగ్ నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు. అసలు కాంప్రహెన్షన్ లేని పరీక్ష చూసుకోవడం మేలా? ఇంకో చిన్న సందేహం: ముందు ప్రశ్నలు చదవాలా, ప్యాసేజీ చదవాలా?

జవాబు: రోజుకు రెండు చొప్పున మూడు నెలలంటే దాదాపు 180 పరీక్షలు. అన్ని రాసిన మనిషికి ఇంకా రాయమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ముందు ఒక లెక్క చేద్దాం.

ఒక కారు సగం దూరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. సగటు వేగం ఎంత? చెయ్యి దానంతటదే 50 అని రాసేస్తుంది. జవాబు 48. మొత్తం 240 కిలోమీటర్లనుకోండి. మొదటి 120కి 2 గంటలు, తర్వాతి 120కి 3 గంటలు. 240ని 5తో భాగిస్తే 48. ఇప్పుడు అదే లెక్కలో ‘సగం దూరం’ తీసేసి ‘సగం సమయం’ అని పెట్టండి. ఈసారి జవాబు 50. అంకెలన్నీ అవే, మారింది ఒక్క మాట. ఇందులో తప్పులో కాలేసినవాళ్లకు భాగహారం రాదని అనగలమా? ‘సగటు’ అనే మాట కనబడగానే మిగతాది చదవడం మానేశారు, అంతే.

ప్యాసేజీ దగ్గర జరిగేదీ ఇదే. ఈ రెండు వాక్యాలు చూడండి: ‘తేనెటీగలు తగ్గిన ప్రాంతాల్లో కొన్ని పంటల దిగుబడి కూడా పడిపోయింది. అయితే ఆ సంవత్సరాల్లో అక్కడ వానలూ తక్కువే.’ రచయిత ఉద్దేశం ఏమిటని అడిగి, ఒక ఆప్షన్‌లో ‘తేనెటీగలు తగ్గడం వల్ల దిగుబడి పడిపోయింది’ అని, ఇంకోదాంట్లో ‘దిగుబడి పడిపోవడానికి తేనెటీగలు తగ్గడమే కారణమని తేల్చలేం’ అని ఇచ్చారనుకుందాం. చాలామంది మొదటిది పెడతారు. తేనెటీగలకూ పంటలకూ సంబంధం ఉందని మనకు ముందే తెలుసు కదా, ఆ తెలిసినదే చెయ్యి పట్టి లాగుతుంది. రచయిత ‘అయితే’ అని ఆగింది ఎందుకో ఆలోచించినవాళ్లు రెండోది పెడతారు. పేపరు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. లోకంలో నిజమైనదీ, ప్యాసేజీలో లేనిదీ అయిన ఒక వాక్యాన్ని తరచూ ఆప్షన్లలో కలుపుతారు. లేదా నిజమైన వాక్యానికే ‘అన్ని’, ‘ఎప్పుడూ’, ‘మాత్రమే’ లాంటి ఒక బరువైన మాట తగిలిస్తారు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని రీడింగ్‌లో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో ‘నాట్ గివెన్’ అనే జవాబు చాలామందిని తిప్పలు పెడుతుంది. తప్పు అని చెప్పడం వేరు, ఆ విషయమే ప్యాసేజీలో లేదని చెప్పడం వేరు.

కాబట్టి మీవి రెండు జబ్బులు కావు, ఒకటే. మాక్ టెస్టులు వారానికి ఒకటికి తగ్గించండి. రాసిన ఆ ఒక్కదాన్నీ, రాయడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం పెట్టి తవ్వండి. మిగతా రోజుల్లో గడియారం పక్కన పెట్టి రెండు ప్యాసేజీలు చాలు. ఒక్కో పేరా అయ్యాక కాగితం మూసి, అందులో ఏముందో మీ మాటల్లో ఒక్క వాక్యం పైకి చెప్పండి. చెప్పలేకపోతే ఆ పేరా మీరు చదవనట్టే. జవాబు పెట్టేటప్పుడు, దాన్ని నిలబెట్టే వాక్యం కింద గీత గీయండి. మిగిలిన రెండో ఆప్షన్‌ను కొట్టేసే మాట ఏదో వేలు పెట్టి చూపించండి. ‘ఇది సరిగ్గా అనిపిస్తోంది’ అనే కారణం చెల్లదు.

లెక్కల విషయంలో, హంగరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోయా 1945లోనే చెప్పిన మూడు ప్రశ్నలు ఇప్పటికీ నాకు బాగా పనికొస్తున్నాయి: కనుక్కోవాల్సింది ఏమిటి, ఇచ్చింది ఏమిటి, షరతు ఏమిటి. పెన్ను కదిపే ముందు ఈ మూడూ పొడి అక్షరాల్లో రాసుకోండి. కారు లెక్కలో ‘షరతు: సగం దూరం’ అని రాసిన చెయ్యి 50 దగ్గర ఒక్క క్షణమైనా తటపటాయిస్తుంది.

ఇక ‘ఓస్, ఇంతేనా’ గురించి. సొల్యూషన్ అంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం. ఎక్కడ ఒలవాలో వెతికే కష్టం అందులో లేదు, పరీక్షలో అడిగేది ఆ కష్టాన్నే. అందుకే సొల్యూషన్‌ను ఒక కాగితంతో కప్పి, మొదటి వరుస మాత్రం చూసి, మళ్లీ మూసేసి మీరు ప్రయత్నించండి. పూర్తిగా చూడక తప్పకపోతే చూడండి, కానీ రెండు రోజుల తర్వాత తెల్లకాగితం మీద మళ్లీ చేయండి. పూర్తిగా కొత్త చాప్టరైతే ఈ పట్టుదల అక్కర్లేదు. ముందు చేసి చూపించిన నాలుగు లెక్కలు చదవడమే మంచిది.

హాల్లో తట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చాప్టరు చివర ఉన్న లెక్కలు వరుసగా చేస్తున్నప్పుడు ఏ సూత్రం వాడాలో పైనున్న శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. 2007లో రోరర్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు పరిచయం లేని నాలుగు ఆకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. ఒక్కో రకాన్నీ విడివిడిగా సాధన చేసినవాళ్లకు సాధనలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే విడివిడిగా చేసినవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 శాతం దగ్గర నిలబడ్డారు. కాబట్టి శాతాలు, పని-కాలం, నిష్పత్తి, వేగం అన్నీ కలగలిపి పదేసి లెక్కలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు స్కోరు తగ్గుతుంది. అప్పుడు కంగారుపడి పాత పద్ధతికి వెళ్లకండి, నా దగ్గరకొచ్చే చాలామంది సరిగ్గా అక్కడే వెనక్కి తిరుగుతారు.

తప్పులకు ఒక నోట్సు పెట్టండి. అందులో ‘సిల్లీ మిస్టేక్’ అనే మాట రాయకూడదని నా షరతు. ఆ మాట రాస్తే తప్పుకు పేరు పెట్టి వదిలేసినట్టే. ‘సమయాన్ని దూరంగా చదివాను’, ‘“అయితే” అనే మాట తర్వాతి వాక్యం దాటేశాను’, ‘సూత్రమే రాదు’ అని విడమర్చి రాయండి. నలభై తప్పులు పోగయ్యేసరికి, అందులో ముప్పై వరకూ మూడు నాలుగు వాక్యాలే తిరిగి తిరిగి కనబడితే ఆశ్చర్యపోకండి.

స్పీడ్ రీడింగ్‌కు డబ్బు పెట్టకండి. మన కళ్లు వాక్యం మీద జారిపోవు. ఒక్కోచోట దాదాపు పావు సెకను ఆగుతూ, గెంతుతూ వెళ్తాయి. ఆ ఆగడాలను కోస్తే అర్థమూ తెగిపోతుంది. 2016లో రేనర్, సహ పరిశోధకులు అంతవరకూ వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, వేగం పెంచితే అవగాహన తగ్గుతుందనే తేల్చారు. వేగం విషయ పరిచయంతో వస్తుంది. సైన్సు, ఆర్థికం, చరిత్ర, కళలు, మీకు నచ్చనివి కూడా, రోజూ ఒక వ్యాసం చదవండి. పరీక్షలో ఎదురయ్యే ప్యాసేజీ మీకు మరీ పరాయిది కాకుండా ఉంటుంది. అలాగే, మాటల అర్థమే తెలియక ఆగుతున్నారా అన్నది మీరు రాయలేదు. ఒక్కో పేరాలో ఐదారు మాటలు తెలియకపోతే, పైన చెప్పినవన్నీ రెండు నెలలు వాయిదా వేసి ముందు ఆ పని చూడండి.

పరీక్ష మార్చుకోవాలా అంటే, ఈ కారణంతో వద్దు. కాంప్రహెన్షన్ అనే పేరు పేపరులో లేకపోయినా రీజనింగ్ ప్రశ్నల్లో, డేటా పట్టికల కింద ఇచ్చే షరతుల్లో చదవాల్సింది ఉంటూనే ఉంటుంది. ఆ ఉద్యోగమే మీకు ఇష్టం లేకపోతే అది వేరే మాట, దాని గురించి విడిగా రాయండి.

మీ చివరి సందేహం: ప్యాసేజీ ఒక పేజీ లోపు ఉండి, రచయిత ఉద్దేశం, స్వరం లాంటివి అడుగుతుంటే ముందు ప్యాసేజీ చదవండి. ప్రశ్నలు ముందు చదివితే కళ్లు వాటినే వెతుక్కుంటూ వెళ్లి ‘అయితే’ను దాటేస్తాయి. పొడవాటి ప్యాసేజీలో పేర్లు, సంవత్సరాలు పట్టుకోవాల్సిన ప్రశ్నలైతే ముందు ప్రశ్నల మీద ఓ చూపు వేయడం లాభమే. రెండు పద్ధతుల్లోనూ ఐదేసి ప్యాసేజీలు చేసి, ఎందులో తప్పులు తక్కువో మీ నోట్సులో చూసుకోండి.